తాతముత్తాతల జాడ: జనాభా లెక్కల్లో, పటాలపు చిట్టాల్లో

వంశవృక్షం గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు విషయాలే అడుగుతున్నాయి. జనాభా లెక్కల కాగితాల్లో మావాళ్ళు దొరుకుతారా? యుద్ధానికి వెళ్ళిన తాతగారి రికార్డు ఎక్కడుంటుంది? ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒక ఉత్తరమే వేశాం.

ప్రశ్న: మాది పెద్ద కుటుంబం. తణుకు దగ్గర ఒక ఊళ్ళో మొదలై ఆరు శాఖలుగా విడిపోయింది. ఇప్పటికి మూడొందల పేర్లు రాసుకున్నాం. 1921, 1931 జనాభా లెక్కల్లో మా ఇంటి కాగితం కావాలంటే ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి?

జవాబు: ఎవరికి పెట్టినా దొరకదండి. మన దేశంలో 1881 నుంచి 2011 దాకా పదేళ్ళకోసారి దేశమంతటా ఒకేసారి లెక్కలు తీస్తూ వచ్చారు. కానీ గణకుడు ఇంటింటికీ తిరిగి రాసుకున్న పుస్తకాలను దాచి ఉంచే పద్ధతి మన దగ్గర లేదు. 1901 నుంచి ఒక్కో మనిషి వివరాలను విడి చీటీ మీదికి ఎక్కించి, చీటీలను మతం, కులం, వయసు, వృత్తి వారీగా వేరుచేసి లెక్కపెట్టేవారు. అంకెలు అచ్చయ్యాక ఆ కాగితాలతో పనిలేదని తీసేశారు. ఇక స్వాతంత్ర్యం తర్వాతి లెక్కలకు 1948 నాటి జనగణన చట్టం అడ్డం ఉంది. 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలు బయటివాళ్ళకు చూపించరు. బ్రిటన్‌లో వందేళ్ళకు, అమెరికాలో 72 ఏళ్ళకు ఇంటింటి కాగితాలు బయటపెడతారు కాబట్టి ఇక్కడా అంతే అనుకుని చాలామంది నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. డబ్బు తీసుకుని ‘1931 సెన్సస్ కాపీ తెప్పిస్తాం’ అనేవాళ్ళను దయచేసి నమ్మకండి.

అలాగని లెక్కల పుస్తకాలు పనికిరానివి కావు. అవి మనిషిని చూపించవు గానీ ఊరిని ఖాయం చేసి పెడతాయి. 1951 నుంచి జిల్లాకొకటి చొప్పున వచ్చిన సెన్సస్ హ్యాండ్‌బుక్‌లలో ప్రతి రెవెన్యూ గ్రామం పేరు, విస్తీర్ణం, ఇళ్ళ సంఖ్య, జనాభా ఉంటాయి. ఒకే పేరున్న ఊళ్ళు ఒక జిల్లాలోనే మూడు నాలుగు ఉంటాయి కదా, మీది ఏ తాలూకాలోదో తేల్చుకోవడానికి ఇదే ఆధారం. పాత సంపుటాలు చాలావరకు జనగణన శాఖ వెబ్‌సైటులోనే చదువుకోవచ్చు. కులాలవారీ పట్టికలు కావాలంటే 1931 సంపుటాలు చూడండి. మద్రాసు రాష్ట్రానిది 14వది, హైదరాబాదు సంస్థానానిది 23వది.

మీ తణుకు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. 1904కు ముందు తణుకు తాలూకా గోదావరి జిల్లాలో ఉంది. 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. కాబట్టి మీ ముత్తాత 1915లో పటాలంలో చేరి ఉంటే ఆయన జిల్లా ‘కిస్ట్నా’ అని రాసి ఉంటుంది. గోదావరి అని వెతికితే ఆయన కనబడడు. ఇలాంటి మార్పులు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాయి. గుంటూరు 1904 దాకా కృష్ణా జిల్లాలోదే. 1882కు ముందు అనంతపురం బళ్ళారి జిల్లాలోది. 1911కు ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోది. ఒంగోలు జిల్లా 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి. తాలూకాలు పోయి మండలాలు 1985లో వచ్చాయి. పేర్లు వెతకడానికి ముందు మీ ఊరికి ఏ ఏడాది ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది ఒక పట్టిక వేసి గోడకు అంటించుకోండి. మిగతా పని సగానికి సగం తగ్గుతుంది.

ఇల్లు మొత్తం ఒకచోట కనబడే కాగితం కావాలంటే మనకున్నది పాత ఓటరు జాబితాలే. ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు వరసగా ఉంటాయి. రెండు మూడు ఎన్నికల జాబితాలు పక్కపక్కన పెడితే ఎవరు పెళ్ళై వచ్చారు, ఎవరు వేరు కాపురం పెట్టారు, ఎవరు పోయారు అన్నది తెలిసిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే భూమి కాగితాలే దారి. సర్కారు జిల్లాల్లో రీసెటిల్మెంట్ రిజిస్టరు, అంటే ఆర్.ఎస్.ఆర్., సర్వే నంబరువారీగా పట్టాదారు పేరు చెబుతుంది. ఇనాం భూములున్న కుటుంబమైతే 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు బంగారం లాంటివి. అప్పటి అనుభవదారుడి పేరు, వయసు, వారసుల వివరాలు, మొదట ఇనాం ఎవరు ఎవరికిచ్చారన్నది కూడా రాశారు. తహసీల్దారు కార్యాలయంలో లేకపోతే కలెక్టరేట్‌లో, అక్కడా లేకపోతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగండి. అడిగేటప్పుడు ఇంటిపేరు చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. ఊరు, సర్వే నంబరు చెప్పాలి.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా తాత తండ్రి నిజాం ఫౌజులో పనిచేశాడంటారు. మాకు ఇవన్నీ వర్తిస్తాయా?

జవాబు: మీ దారి వేరు. ముందు ఆయన ఏ ఫౌజో తేల్చుకోవాలి. హైదరాబాద్ కంటింజెంట్ అనేది ఆంగ్లేయ అధికారుల కింద నడిచింది, 1903లో ఇండియన్ ఆర్మీలో కలిసిపోయింది. నిజాం సొంత బలగాలు సంస్థానం కింద ఉండేవి. వాటికి సంబంధించిన కాగితాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఎక్కువగా ఫారసీలో, ఉర్దూలో ఉన్నాయి. చదివిపెట్టే మనిషిని ముందే చూసుకుని వెళ్ళండి. భూమి వైపు సేత్వార్ (సర్వే సెటిల్మెంటు నాటి భూమి రిజిస్టరు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి చెసల పహాణీ వరసగా తీయించండి. ఖాస్రాలో పట్టాదారుతో పాటు కబ్జాలో ఉన్న మనిషి పేరు కూడా ఉంటుంది, అన్నదమ్ముల పంపకాలు అక్కడే బయటపడతాయి. కాగితాల మీద ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి. ఫస్లీ 1334 అంటే 1924–25.

ప్రశ్న: మా ఇంట్లో తాతగారి తండ్రి తాలూకు రెండు పతకాలున్నాయి. ఒకటి తెల్లగా, దానిమీద గుర్రం మీద మనిషి బొమ్మ. ఇంకోటి ఇత్తడిలా, రెక్కల దేవత. వీటినుంచి ఏమైనా తెలుస్తుందా?

జవాబు: మీ దగ్గరున్నవి మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్. అసలు సమాచారం బొమ్మ వైపు లేదు, అంచు మీద ఉంది. అంచు చుట్టూ సన్నటి పెద్దబడి ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చుగుద్ది ఉంటాయి. మీ కుటుంబం మొత్తంలో ఆయనకు సంబంధించి ప్రభుత్వం స్వయంగా రాసిన కాగితం ఇదొక్కటే కావచ్చు, అందుకని జాగ్రత్తగా చూడండి.

చింతపండు, బ్రాసో, బూడిద ఏదీ పెట్టి తోమకండి. వందేళ్ళలో నాలుగుసార్లు తోమిన పతకాలకు మొదట అరిగిపోయేది అంచే. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిచి, చీకటి గదిలో పతకాన్ని అంచు పైకి వచ్చేట్టు నిలబెట్టి, సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు పట్టుకోండి. వెలుతురు ఎదురుగా పడితే అక్షరాలు కనబడవు. ఏటవాలుగా పడితే నీడలు లేచి కనబడతాయి. పతకాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఎనిమిది పది ఫోటోలు తీయండి. అయినా చదవలేకపోతే పల్చటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిలుతో మెల్లగా రుద్దండి.

హోదాలు పొట్టిగా ఉంటాయి. ‘ఎస్.పీ.ఆర్.’ అంటే సాపర్, అంటే వంతెనలు, కందకాలు చూసే ఇంజనీరింగు సిపాయి. సెపాయ్, నాయక్, హవల్దార్, జమాదార్, సుబేదార్ తెలిసినవే. ‘ఫాలోయర్’ అని ఉంటే వంటవాడు, నీళ్ళు మోసేవాడు, పశువుల్ని చూసేవాడు వంటి పని. ఆ మాట చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఆయన కూడా అదే యుద్ధభూమిలో ఉన్నాడు. కూలి దళాల్లో, సహాయక దళాల్లో చాలామందికి వార్ మెడల్ వెండిది కాకుండా కంచుది ఇచ్చారు. మీది వెండిది కాబట్టి ఆయన బహుశా పటాలంలోనే నమోదైన మనిషి. అంచు మీద మాట చదివితే అది ఖాయమవుతుంది.

పటాలం పేరు దొరికితే సగం కథ తెలిసినట్టే. తెలుగువాళ్ళు ఎక్కువగా కనిపించేది బెంగళూరు కేంద్రంగా ఉన్న 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో (‘క్యూ.వీ.ఓ. ఎస్. అండ్ ఎం.’), 61, 64, 81 నంబర్ల పయొనీర్లలో (దారులు వేసే పనీ చేసే పదాతి పటాలాలు), 73, 75, 79, 80, 86, 88 నంబర్ల కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీలలో (పదాతి పటాలాలు). 61వ పయొనీర్లు 1914లో తూర్పు ఆఫ్రికాలోని టాంగాకు వెళ్ళారు. ‘బస్రా వెళ్ళాడు’ అని ఇంట్లో చెప్పుకున్న మాటకూ పటాలం వెళ్ళిన చోటుకూ పొంతన కుదరాలి. కుదరకపోతే పతకం ఆయన తమ్ముడిదో, మరో శాఖలో అదే పేరున్న మనిషిదో అయ్యుండొచ్చు. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పటాలాల యుద్ధ దినచర్యలు ఉన్నాయి. వాటిలో మామూలు సిపాయిల పేర్లు అరుదు గానీ, ఏ తేదీన ఏ ఊళ్ళో ఉన్నారో రోజువారీగా దొరుకుతుంది.

మీ ఇంట్లో రెండో ప్రపంచ యుద్ధం నాటివి కూడా ఉంటే వాటి అంచులూ, నక్షత్రం ఆకారపు పతకాల వెనకవైపూ చూడండి. బ్రిటన్ తన సైనికులకు ఆ పతకాలు పేరు లేకుండా ఇచ్చింది. భారత సైనికులవి పేర్లతో వచ్చాయి. ఈ సంగతి తెలియక చాలామంది ఆ నక్షత్రాలను తిప్పి చూడరు.

ప్రశ్న: మా ముత్తాత మొదటి యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, పేర్లు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఇంటిపేరు, పేరు కొట్టి ఎంత వెతికినా ‘ఫలితాలు లేవు’ అంటోంది. రికార్డు లేదనుకోవాలా?

జవాబు: అప్పుడే అనుకోకండి. మీరు వెతికిన తీరులోనే లోపం ఉంది. మద్రాసు సిపాయిల్లో ఎక్కువమందికి ఆనాటి రికార్డుల్లో ఇంటిపేరు లేదు. వెంకటస్వామి అంటే వెంకటస్వామే. ఆ ఒక్క పేరునూ వెబ్‌సైటులో ‘సర్‌నేమ్’ గడిలో పెట్టి, ముందు పేరు గడి ఖాళీగా వదిలారు. మీరు సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పెడితే ఎప్పటికీ దొరకదు. ఇలా చేయండి.

అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధం, ఇండియన్ ఫోర్సెస్ ఎంచుకోండి. పేరు గడి ఖాళీగా ఉంచండి. పటాలం తెలిస్తే పటాలం పెట్టండి. తెలియకపోతే ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ గడిలో ఊరి పేరుగానీ, ఆనాటి జిల్లా పేరుగానీ వేయండి. భారత సైనికుల వివరాలు చాలావాటిలో ‘ఫలానావాడి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా తాలూకా, ఫలానా జిల్లా’ అనే వరసలో ఉంటాయి. వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీటుగా దించుకోవచ్చు. అప్పుడు కంప్యూటరులో జిల్లావారీగా వరస పెట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదువుకుంటూ పోండి. కళ్ళతో చూస్తే గుర్తుపట్టలేని స్పెల్లింగు చెవిన పడగానే తెలిసిపోతుంది. రాసినవాడు తెలుగువాడు కాదు, విన్నది విన్నట్టు ఇంగ్లీషులో పెట్టాడు. స్వామి అన్నది నాలుగైదు స్పెల్లింగుల్లో, కొన్నిచోట్ల ‘సామి’గా ఉంటుంది. అప్పలస్వామి, అప్పన్న, అప్పడు ముగ్గురూ ఒకరే కావచ్చు. వెంకట అన్నచోట ‘కె’కు బదులు ‘సి’ ఉండొచ్చు. జిల్లాలు కూడా అంతే. విజగపటం, కిస్ట్నా, గోదావెరీ, కడపకు కడ్డపా.

దొరికిన పేరు మీ ముత్తాతదే అనడానికి పేరు ఒక్కటే చాలదు. తండ్రి పేరు, ఊరు, తేదీ, పటాలం, వీటిలో కనీసం రెండు మీ ఇంటి మాటతో కలవాలి. తేదీ కలవాలంటే ఇంట్లో ఆబ్దికం ఏ తిథిన పెట్టేవారో అడగండి. తిథి తెలిస్తే పంచాంగంతో చూసుకోవచ్చు. కానీ చావు కబురు నెలల తర్వాత అందినచోట, కబురు అందిన రోజునే తిథిగా పెట్టుకున్న కుటుంబాలున్నాయి. కాబట్టి తిథి తేడా వచ్చినంత మాత్రాన కొట్టిపారేయకండి.

ఇంకో మాట. ఆ కమిషన్ మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా పోయినవాళ్ళను లెక్కలోకి తీసుకుంటుంది. కాల్పుల్లోనే పోనక్కర్లేదు, నౌకరీలో ఉండగా కలరాతో, ఇన్‌ఫ్లుయెంజాతో పోయినా పేరుంటుంది. ఇంటికి వచ్చేశాక పోయినవారి పేరు మాత్రం సాధారణంగా ఉండదు. మెసపొటేమియాలో పోయి సమాధి తెలియనివారిని ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద చేర్చారు. అక్కడ 40 వేలకు పైగా సైనికుల స్మృతి ఉంది. కానీ మన మామూలు సిపాయిల పేర్లు రాతి మీద చెక్కలేదు, పటాలం పేరు కింద ఎంతమంది అన్న అంకె మాత్రమే వేశారు. పేర్లన్నీ విడిగా రిజిస్టరులో ఉన్నాయి, వెబ్‌సైటులో కనబడేది అదే. ఫోటోలో పేరు లేదని బాధపడి వెతకడం ఆపేసినవాళ్ళున్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాం. ఫ్రాన్స్ అయితే నవ్ షాపెల్, ఈజిప్టు వైపు అయితే హెలియోపొలిస్ (పోర్ట్ తౌఫీక్) స్మారకం, దేశంలోనూ సరిహద్దుల్లోనూ అయితే ఢిల్లీ ఇండియా గేటు చూడాలి.

పంజాబు వాళ్ళకు లాహోరు మ్యూజియంలో ఊరూరి సిపాయిల రిజిస్టర్లు దొరికి, వెబ్‌సైటులోకి ఎక్కాయి. వాటిలో మీ తెలుగు సిపాయిల కోసం వెతికి సమయం పోగొట్టుకోకండి. దానికి బదులు ఊళ్ళో చావడి, బడి, పాత పంచాయతీ గోడలు చూడండి. ‘ఈ ఊరినుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలర్పించారు’ అని ఇంగ్లీషులో చెక్కిన చిన్న పలకలు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. సున్నం పూతల కింద పడిపోయినవి కూడా ఉంటాయి. తాడేపల్లిగూడెం పక్కనున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళతో బంధుత్వం ఉన్న కుటుంబాలైతే మొదట అక్కడి పెద్దల్ని కలవాలి.

ప్రశ్న: మా నాన్నగారి నాన్న రెండో యుద్ధంలో బర్మా దాకా వెళ్ళి, 1946లో ఇంటికి వచ్చేశారు. పింఛను లేదు. సర్వీసు రికార్డు ఎలా తెప్పించుకోవాలి?

జవాబు: ముందు ఆయన ఏ కోరులో (సైన్యంలోని విభాగంలో) చేశారో తేల్చుకోండి, ఎందుకంటే సైన్యంలో రికార్డులన్నీ ఒకేచోట ఉండవు. సాపర్లయితే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఫిరంగి దళం నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్ జబల్‌పూర్, వైద్య దళం లక్నో, యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈ.ఎం.ఈ. దళం సికింద్రాబాదు. మద్రాస్ రెజిమెంట్ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. మొదటి యుద్ధం నాటి మద్రాసు పదాతి పటాలాలను 1920లలో, పయొనీర్లను 1933లో రద్దుచేశారు. ఇప్పటి రెజిమెంటు రెండో యుద్ధకాలంలో మళ్ళీ నిలబెట్టింది. 1915 సిపాయి కోసం వెల్లింగ్టన్‌కు రాస్తే ఉపయోగం తక్కువ.

దరఖాస్తులో ఆర్మీ నంబరు ఉండాలి. నంబరు లేకుండా పేరు మాత్రమే రాస్తే తిరుగు టపాలో ‘వివరాలు పంపండి’ అనే వస్తుంది. నంబరు కోసం డిశ్చార్జి సర్టిఫికెట్, పతకం అంచు, పాత మనియార్డరు రసీదులు, ఆయన పంపిన ఉత్తరాల వెనక చిరునామా చూడండి. నంబరుతో పాటు హోదా, పేరు ఆనాటి స్పెల్లింగులో, తండ్రి పేరు, చేరిన ఊరు, ఆనాటి జిల్లా, చేరిన ఏడాది, వచ్చేసిన ఏడాది, మీరు ఆయనకు ఏమవుతారో చూపించే కాగితం జతచేయండి. ఈ దరఖాస్తును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు గానీ, వారసత్వపు రుజువు లేకపోతే మూడో వ్యక్తి సమాచారమని తిరస్కరిస్తారు.

ఏం ఆశించాలో కూడా చెప్పాలి. పింఛను లేకుండా వచ్చేసినవారి ఫైళ్ళను 25 ఏళ్ళ తర్వాత ధ్వంసం చేస్తారు. మీ తాతగారి ఫైలు అలా పోయి ఉండే అవకాశమే ఎక్కువ. కానీ లాంగ్ రోల్ అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంచుతారు. అందులో నంబరు, పేరు, తండ్రి, ఊరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, ఎందుకు వెళ్ళారన్నది ఉంటుంది. కాబట్టి ‘సర్వీసు రికార్డు కాపీ’ అని అడక్కండి, ‘లాంగ్ రోల్‌లోని నమోదు వివరాలు’ అని అడగండి. మొదటిదానికి ‘ధ్వంసమైంది’ అని ఒక్క వాక్యం వస్తుంది. రెండోదానికి మీకు కావలసిన నాలుగు వరసలు వస్తాయి.

ప్రశ్న: దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి ఒక కుటుంబం మా ఊరి పేరు పట్టుకుని శ్రీకాకుళం వచ్చారు. వాళ్ళ ముత్తాత ఇక్కడినుంచే చెరకు తోటలకు వెళ్ళాడట. వాళ్ళు మా బంధువులేనని ఎలా తేల్చాలి?

జవాబు: వాళ్ళ దగ్గర మీ దగ్గర లేని కాగితం ఒకటి ఉంటుంది. 1860 నుంచి 1911 దాకా నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్ళిన 1,52,184 మంది వివరాలు ఓడల జాబితాల్లో నమోదయ్యాయి. ఒక్కొక్కరికీ ఒక వలస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు రాశారు. ఆ వలస నంబరు తర్వాత పుట్టిన పిల్లల జనన పత్రాలమీద కూడా వేసేవారు. అందువల్ల వాళ్ళ వైపు గొలుసు గట్టిగా ఉంటుంది. ఆ జాబితా నకలు అడిగి తీసుకోండి. వాళ్ళ ఇప్పటి ఇంటిపేరును నమ్ముకోవద్దు. అక్కడ చాలా కుటుంబాల్లో వలస వెళ్ళిన మనిషి సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది.

జాబితాలో జిల్లా గంజాం అని ఉంటే ఒడిశా అనుకుని పంపించేయకండి. శ్రీకాకుళం తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలోదే. ఊరు, తండ్రి పేరు, కులం మూడూ కలిస్తే మీ భూమి కాగితాల్లో ఆ తండ్రి పేరున్న పట్టాదారును వెతకండి. భూమి లేని కుటుంబమైతే కాగితం దొరక్కపోవచ్చు. అప్పుడు పెద్దల జ్ఞాపకమే మిగిలేది. ‘పడవెక్కి పోయిన అన్న’ మాట మీ ఇంట్లో వాళ్ళు రాకముందు ఉందా, వచ్చాక పుట్టిందా అన్నది నిజాయితీగా చూసుకోవాలి. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో చుట్టరికం ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి. మనవరాలికి రెండు వైపులా వంశవృక్షం రాయాలని ఉంది. అటువైపు ఎలా వెతకాలి?

జవాబు: అటువైపు మీకు పని సులువు. 1950 సెన్సస్ 2022 ఏప్రిల్ 1న బయటకొచ్చింది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. అక్కడినుంచి పదేళ్ళ చొప్పున వెనక్కి నడవండి, ముందుకు కాదు. 1900 నాటిదాంట్లో పుట్టిన నెల, ఏడాది, తల్లికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నవి ఉంటాయి. 1880 నుంచి ఇంటి యజమానితో చుట్టరికం రాశారు. 1890 కాగితాలు 1921 అగ్నిప్రమాదంతో దాదాపుగా పోయాయి కాబట్టి అక్కడ ఇరవై ఏళ్ళ ఖాళీ వస్తుంది. ఆ మధ్యలో పుట్టి, పెళ్ళై, వెళ్ళిపోయిన ఆడపిల్లలు జారిపోతారు. 1850కి ముందు ఇంటి యజమాని పేరు మాత్రమే ఉంటుంది.

సైనిక రికార్డులకు 1973 జులై 12 అగ్నిప్రమాదం పెద్ద దెబ్బ. సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో, 1912–1960 మధ్య సర్వీసు నుంచి విడుదలైన ఆర్మీ సైనికుల ఫైళ్ళలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. అయినా రికార్డు అడిగే దరఖాస్తు, స్టాండర్డ్ ఫారం 180, నింపి పంపండి. చివరి జీతపు వోచర్లు, ఇతర కాగితాలతో కొంత తిరిగి కూర్చి ఇస్తారు. సైన్యం వదిలి 62 ఏళ్ళు దాటితే ఆ ఫైలు ఎవరైనా అడగొచ్చు. మొదటి యుద్ధం నాటి డ్రాఫ్ట్ కార్డులు (సైన్యంలోకి పిలవడానికి పేర్లు నమోదు చేసినవి) వేరేచోట ఉన్నందువల్ల భద్రంగా మిగిలాయి. యుద్ధానికి వెళ్ళనివాళ్ళకు కూడా కార్డు ఉంటుంది, పుట్టిన తేదీ, సంతకంతో సహా.

ప్రశ్న: నాలుగొందల పేర్లు పోగయ్యాయి. వెంకయ్యలే పదకొండుమంది. వయసులు ఒక కాగితానికీ ఇంకోదానికీ పొసగవు. ఈ గందరగోళం ఎలా సర్దాలి?

జవాబు: పేరుతో కాకుండా నంబరుతో మనిషిని పిలవడం మొదలుపెట్టండి. మూలపురుషుడు 1. ఆయన సంతానం 1.1, 1.2, 1.3. రెండోవాడి మొదటి బిడ్డ 1.2.1. ఆడపిల్లలకు కూడా నంబరు ఇవ్వండి, వాళ్ళ పిల్లలకూ ఇవ్వండి. మగవాళ్ళ వైపే రాసుకుంటూ పోతే మేనరికం వచ్చినప్పుడు చెట్టు విరిగిపోతుంది. మేనరికంలో పుట్టిన పిల్లలకు రెండు దారుల్లో రెండు నంబర్లు వస్తాయి. తండ్రి వైపు నంబరు అసలుది అని ఉంచి, తల్లి వైపు దానికి పక్కన సూచన రాయండి. అక్కకూతురిని చేసుకున్నచోట భార్యాభర్తలు వేర్వేరు తరాల్లో పడతారు. అది తప్పు కాదు, సరిచేయబోకండి. తర్వాత ఎప్పుడో చిన్నప్పుడే పోయిన పెద్దబిడ్డ పేరు బయటపడితే అందరి నంబర్లూ మార్చకుండా చివరి నంబరు ఇచ్చి, ‘వరసలో మొదటివాడు’ అని రాయండి. కంప్యూటరులో చేస్తే గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు.

వెంకయ్యల సంగతి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒక తాతకు నలుగురు కొడుకులుంటే నలుగురు మనవళ్ళూ వెంకయ్యలే. ప్రతి వెంకయ్య పక్కన తల్లి పేరు, తల్లి పుట్టింటి ఊరు రాయండి. తండ్రి పేరు కలిసినా తల్లి ఊరు కలవదు. తండ్రీకొడుకుల మధ్య 50 ఏళ్ళకు పైగా తేడా కనబడితే మధ్యలో ఒక తరం జారిపోయిందేమో చూడండి. తాత వెంకయ్యనూ మనవడు వెంకయ్యనూ ఒకడిగా కలిపేయడం అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. దత్తత వెళ్ళినవారికి ఇద్దరు తండ్రుల పేర్లూ రాయండి. సైన్యపు కాగితంలో కన్నతండ్రి, భూమి కాగితంలో పెంచినతండ్రి ఉండటం మామూలే.

వయసుల్లో సున్నాతోనూ, అయిదుతోనూ అంతమయ్యేవి నమ్మకండి. పుట్టిన తేదీ తెలియనివారు నలభై, నలభై అయిదు అని చెప్పడమే అలవాటు. పటాలంలో చేరిన కుర్రాళ్ళు వయసు పెంచీ తగ్గించీ చెప్పారు. ఒక మనిషికి మూడు వయసులు దొరికితే మూడూ రాసి, ఏ కాగితంలోదో పక్కన రాయండి, సగటు తీయకండి. ఇంట్లో జాతక చక్రం ఉంటే అది వీటన్నిటికంటే గట్టిది. తెలుగు సంవత్సరం పేరు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి ప్రభవ అంటే 1867, 1927, 1987లలో ఏదో తిథి, వారం, నక్షత్రంతో తేల్చాలి. జాతకం లేకపోతే ముసలివాళ్ళను ఏడాది అడగకుండా సంఘటన అడగండి. ‘ధాత కరువు నాటికి పాలుతాగే బిడ్డ’ అన్నారంటే, ధాత సంవత్సరం 1876–77 కాబట్టి, ఆ మనిషి 1875–76 ప్రాంతంలో పుట్టారు. డొక్కల కరువు అంటే 1832–33. చెప్పిన మాటను చెప్పినట్టే, చెప్పినవారి పేరుతో, విన్న తేదీతో రాసి పెట్టుకోండి. ముసలివాళ్ళున్న శాఖ ఏదో చూసి, ఆఫీసుల పని పక్కనపెట్టి, ముందు ఆ ఇంటికి వెళ్ళండి.